ఇంటి పన్ను డిసిబి (డిమాండ్, వసూలు, బకాయి) ఫైల్: వీలుకప్ వేరేవాళ్ల బకాయి తెస్తోంది, 'మొత్తం' షీట్‌లో #రెఫ్!

1 · పంచాయతీ_పద్దు

ఎనిమిది వార్డులకి ఎనిమిది షీట్లు, చివర్లో 'మొత్తం' అని ఇంకో షీట్. వార్డు షీట్‌లో కాలమ్‌లు ఇవీ: ఎ ఇంటి నంబర్, బి యజమాని, సి పాత బకాయి, డి ఈ ఏటి పన్ను, ఇ లైబ్రరీ సెస్, ఎఫ్ వసూలు, జి మిగిలిన బకాయి. పాత బకాయిని నిరుటి ఫైల్ నుంచి వీలుకప్ (ఇంటి నంబర్ వెతికి ఆ వరుసలోని విలువ తెచ్చే ఫార్ములా) పెట్టి ఇలా తెస్తున్నాను (ఫార్ములాలు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, షీట్‌లో మామూలుగానే ఉన్నాయి):

=వీలుకప్(ఎ2,'[డిసిబి 2023-24.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్]వార్డు 3'!ఎ:జి,7)

'మొత్తం' షీట్‌లో ఎ కాలమ్‌లో వార్డు పేర్లు, పక్కన ఇండైరెక్ట్ (అక్షరాలుగా రాసిన చిరునామాకి వెళ్లి విలువ తెచ్చేది):

=ఇండైరెక్ట్("'"&ఎ2&"'!జి95")

ఇబ్బందులు మూడు. ఒకటి, కొన్ని ఇళ్లకి పక్కింటివాళ్ల బకాయి వస్తోంది, ఎర్రర్ కూడా రావట్లేదు. రెండు, వార్డు 6 దగ్గర #రెఫ్! (చూపిన చోటు లేదనే ఎర్రర్). మూడు, మిగతా వార్డుల మొత్తం కూడా చేత్తో కూడినదానికి కలవట్లేదు. ఎక్సెల్ 2016. డిమాండ్ నోటీసులు ప్రింట్‌కి వెళ్లాలి, దయచేసి చూడండి.

2 · ఎఫ్4_మేస్త్రి

మొదటిదానికి జవాబు మీ ఫార్ములాలోనే ఉంది. 7 తర్వాత ఏమీ లేదు. నాలుగోది రాయకపోతే వీలుకప్ దాన్ని ట్రూ అనుకుంటుంది, అంటే "సరిగ్గా ఇదే దొరక్కపోతే దీనికి కాస్త తక్కువది ఇచ్చెయ్" అని అర్థం. పైగా ఎ కాలమ్ చిన్న నుంచి పెద్దకి వరుసలో ఉందని నమ్మి సగం సగం చేసుకుంటూ వెతుకుతుంది. వరుసలో లేకపోతే ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ...ఎ:జి,7,0) అని మార్చండి.

3 · గోదారి_గణితం

మేస్త్రి గారు చెప్పింది కరెక్టే, కానీ 0 పెట్టి ఊరుకోకండి. ఇప్పటిదాకా తప్పు బకాయి వచ్చిన ఇళ్లలో నిజంగా దొరకనివన్నీ #ఎన్/ఎ అవుతాయి. అసలు ఆ ఇళ్లు ఎందుకు దొరకలేదన్నదే ప్రశ్న. 0 పెట్టాక ఎన్ని #ఎన్/ఎ వచ్చాయో, ఏ ఏ ఇళ్లో చెప్పండి. ఆ ఇంటి నంబర్ పక్కన ఖాళీ సెల్‌లో =ఈజ్‌నంబర్(ఎ2) (సెల్లో ఉన్నది సంఖ్య అయితే ట్రూ అంటుంది) కొట్టి ఏమొస్తుందో కూడా.

4 · కాలమ్_కనకం

ఇఫ్‌ఎర్రర్‌లో చుట్టేసి ఎర్రర్ బదులు 0 చూపిస్తే సరిపోతుంది కదా, నోటీసులు ఆగవు.

5 · గోదారి_గణితం

@కాలమ్_కనకం వద్దండీ. బకాయి ఉన్న ఇంటికి 0 అని నోటీసు వెళ్తే, వచ్చే ఏడు ఆ బకాయి అడగడానికి కాగితమే ఉండదు. #ఎన్/ఎ అనేది "నాకు దొరకలేదు" అని షీట్ నిజాయితీగా చెప్పే మాట. కారణం తెలిసేదాకా దాన్ని కప్పకూడదు.

6 · పంచాయతీ_పద్దు

0 పెట్టాను. #ఎన్/ఎ 76 ఇళ్లకి వచ్చింది. వార్డు 1, 2లో ఒక్కటీ లేదు. 3 నుంచి 8 దాకా ప్రతి వార్డులోనూ ఉన్నాయి, ఎక్కువ భాగం షీట్ పైభాగంలోనే. ఈజ్‌నంబర్ వాటిలో దాదాపు అన్నిటికీ ట్రూ అంటోంది. ఇంటి నంబర్ 3-12 సెల్‌లో 03-డిసెంబర్ అని కనిపిస్తుంది. రెండు ఫైళ్లలోనూ అలాగే ఉంది కాబట్టి మ్యాచ్ అవుతుందనుకున్నాను.

వార్డు 1, 2 నిరుటి ఫైల్ నుంచి కాపీ చేసినవి. మిగతావి ఈ ఏప్రిల్‌లో కొత్తగా టైప్ చేయించాం.

7 · గోదారి_గణితం

అదే అనుమానం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఎందుకంటే మన ఊళ్ల ఇంటి నంబర్లతో పనిచేసే ప్రతి ఫైల్‌లో ఇది ఉంటుంది.

మన కంప్యూటర్లలో తేదీ రోజు-నెల-సంవత్సరం వరుసలో ఉంటుంది. జనరల్ సెల్‌లో 3-12 కొట్టగానే ఎక్సెల్ దాన్ని డిసెంబర్ 3 చేస్తుంది. సంవత్సరం మీరు చెప్పలేదు కాబట్టి టైప్ చేసిన రోజు నడుస్తున్న సంవత్సరం వేసుకుంటుంది. లోపల దాచేది తేదీ కూడా కాదు, 1900 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్య. నిరుడు 2023లో కొట్టిన 3-12 లోపల 45263. ఈ ఏడు 2024లో కొట్టిన 3-12 లోపల 45629. పైకి రెండూ 03-డిసెంబర్. వీలుకప్ పైకి కనిపించేది చూడదు, లోపలి సంఖ్య చూస్తుంది. అందుకే దొరకదు. వార్డు 1, 2 కాపీ చేశారు కాబట్టి సంఖ్య అదే వచ్చింది, దొరికింది.

ఇప్పుడు 3-45 సంగతి. 45వ నెల లేదు కాబట్టి దాన్ని మార్చి 1945 అనుకుంటుంది (కంప్యూటర్ సెట్టింగ్‌ని బట్టి 2045 కావచ్చు), రోజు 1. ఇది ఏ ఏడు కొట్టినా ఒకటే, అందుకే ఇవి మ్యాచ్ అయ్యాయి. 3-112 తేదీగా కుదరదు, అక్షరాలుగానే ఉండిపోతుంది. అదీ మ్యాచ్ అయింది.

అంటే తప్పేవి రెండో సంఖ్య 1 నుంచి 12 దాకా ఉన్న ఇళ్లే. ఆరు వార్డులు, వార్డుకి 12 ఇళ్లు, మొత్తం 72. మీకు 76 వచ్చింది. మిగతా 4 వేరే జబ్బు, వాటి నంబర్లు చెప్పండి.

8 · నల్గొండ_నోట్‌బుక్

72 లెక్క మస్తు పట్టిన్రు. మా దగ్గర 1-8-45 తీరు నంబర్లు ఉంటయి, అవి కూడా సీదా 1945 ఆగస్టు ఒకటో తారీఖు అయితయి. ఇంటికి పుట్టినరోజు వచ్చినట్టే.

9 · కాలమ్_కనకం

అయితే ఎ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి ఫార్మాట్ సెల్స్‌లో టెక్స్ట్ అని పెడితే అన్నీ వెనక్కి వస్తాయి.

10 · ఎఫ్4_మేస్త్రి

రావు. 03-డిసెంబర్ ఉన్న చోట 45629 కనిపిస్తుంది. టెక్స్ట్ ఫార్మాట్ టైప్ చేయడానికి ముందు పెట్టాలి. తర్వాత పెడితే లోపలి సంఖ్య బయటపడుతుంది, మీరు కొట్టిన 3-12 అనేది ఎక్సెల్ ఎక్కడా దాచుకోలేదు. పొరపాటున పెడితే వెంటనే కంట్రోల్-జెడ్.

11 · డాలర్_గుర్తు

కొత్త ఎక్సెల్‌లో ఆప్షన్స్, డేటా, ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ అని ఉంది, అక్కడ టిక్‌లు తీసేస్తే తేదీలు అవ్వవని చదివాను.

12 · ఎఫ్4_మేస్త్రి

@డాలర్_గుర్తు అది 2016లో లేదు. ఉన్నవాళ్లకి కూడా ఈ పనికి రాదు. ముందు సున్నాలు పోవడం, 15 అంకెలు దాటినవి పాడవడం, ఇ అక్షరం ఉన్న నంబర్లు మారిపోవడం, అక్షరాలూ అంకెలూ కలిసిపోయినవి తేదీ అవడం, వీటికే ఆ టిక్‌లు. 3-12లో అక్షరం లేదు, అది మామూలుగానే తేదీ అవుతుంది. ముందే టెక్స్ట్ ఫార్మాట్ పెట్టడం, లేదా నంబర్ ముందు ఒంటి కొటేషన్ గుర్తు కొట్టడం, ఈ రెండే దారులు.

13 · నల్గొండ_నోట్‌బుక్

పోర్టల్ నుంచి దింపిన సిఎస్‌వి (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల) ఫైల్ సంగతి కూడా చెప్పున్రి. దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెరుస్తుండంగనే నంబర్లు తేదీలైతయి, సేవ్ చేస్తే ఫైల్ కూడా ఖరాబైతది. డేటా ట్యాబ్‌ల ఫ్రమ్ టెక్స్ట్ నొక్కి, మూడో మెట్టుల ఇంటి నంబర్ కాలమ్ మీద క్లిక్ చేసి టెక్స్ట్ అని పెట్టాలె. ఖరాబైందా లేదా అనేది నోట్‌ప్యాడ్‌ల తెరిచి చూస్తే తెలుస్తది.

14 · పంచాయతీ_పద్దు

మరి ఇప్పుడున్నవి మళ్లీ టైప్ చేయాలా? 700 పైగా ఇళ్లు. =టెక్స్ట్(ఎ2,"డి-ఎం") అని పెడితే 3-12 వచ్చింది, కానీ 3-45 ఇల్లు 1-3 అయింది.

15 · గోదారి_గణితం

అక్కర్లేదు, వెనక్కి తేవచ్చు. మీ అదృష్టం ఏమిటంటే వార్డు నంబరే ఇంటి నంబర్ మొదటి భాగం, షీట్‌ని బట్టి అది తెలుసు. వార్డు 3 షీట్‌లో రోజు 3 అయితే అది 3-నెల. రోజు 3 కాకపోతే (1 ఉంటుంది) అది 3-సంవత్సరం. హెచ్2లో:

=ఇఫ్(ఈజ్‌నంబర్(ఎ2),ఇఫ్(డే(ఎ2)=3,"3-"&మంత్(ఎ2),"3-"&టెక్స్ట్(ఎ2,"వైవై")),ట్రిమ్(ఎ2))

కిందిదాకా లాగండి. వార్డు 4లో మూడు చోట్లా ఉన్న 3ని 4 చేయండి, అలా 8 దాకా; వార్డు 2కి 2. హెచ్ కాలమ్‌లోనే ఎందుకంటే, ఎ పక్కన కొత్త కాలమ్ దూరిస్తే టేబుల్ వెడల్పు మారి బకాయి ఎనిమిదో కాలమ్‌కి పోతుంది. వీలుకప్‌లోని 7 మాత్రం 7గానే ఉంటుంది, వసూలుని బకాయి అని తెస్తుంది.

వార్డు 1 మాత్రం ప్రత్యేకం, అక్కడ అన్నిటికీ రోజు 1 వస్తుంది. దానికి నెల చూడాలి:

=ఇఫ్(ఈజ్‌నంబర్(ఎ2),ఇఫ్(మంత్(ఎ2)>1,"1-"&మంత్(ఎ2),"1-"&టెక్స్ట్(ఎ2,"వైవై")),ట్రిమ్(ఎ2))

దీంట్లో ఒక్క ఇల్లు తప్పుతుంది. 2023లో కొట్టిన 1-1 అంటే 2023 జనవరి 1. 1-23 అంటే జనవరి 2023, అదీ 2023 జనవరి 1. లోపల ఒకే సంఖ్య. కాబట్టి హెచ్‌లో 1-23 రెండుసార్లు వస్తుంది. ఎ కాలమ్‌లో కనిపించే తీరు చూసి (ఒకటి రోజు-నెలగా, ఇంకొకటి నెల-సంవత్సరంగా ఉంటుంది) 1-1ని చేత్తో దిద్దండి.

తర్వాత ఈ వరుస తప్పకండి: ముందు ఎ కాలమ్ ఫార్మాట్ టెక్స్ట్ చేయండి (45629లు కనిపిస్తాయి, కంగారు పడకండి, హెచ్ చెక్కుచెదరదు). హెచ్‌ని కాపీ చేసి ఎ మీద పేస్ట్ స్పెషల్, వాల్యూస్ (ఫార్ములా రాకుండా విలువలే). హెచ్‌ని తీసేయండి. నిరుటి ఫైల్‌లో కూడా ఇదే చేయాలి, ఎనిమిది షీట్లూ. ఒక్క ఫైల్‌లోనే చేస్తే ఇప్పుడు దొరుకుతున్నవీ పోతాయి. మొదలుపెట్టే ముందు రెండు ఫైళ్లకీ కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

16 · డాలర్_గుర్తు

టెక్స్ట్ ఫార్మాట్ లేకుండా వాల్యూస్ పేస్ట్ చేస్తే?

17 · ఎఫ్4_మేస్త్రి

అప్పటికి 3-12 గానే ఉంటుంది. ఎవరో ఎఫ్2 నొక్కి ఎంటర్ కొట్టిన రోజున ఆ ఒక్క సెల్ మళ్లీ తేదీ అవుతుంది. ఒక్కో ఇల్లే జారిపోతూ ఉంటే ఎప్పుడు మారిందో పట్టుకోలేరు.

18 · లెక్కల_లక్ష్మి

గోదారి గారు చెప్పిన జంట సంఖ్యల సంగతి వార్డు 1తో ఆగదు. 2024లో 1-3 కొడితే 2024 మార్చి 1. 3-24 కొడితే మార్చి 2024, అదీ మార్చి 1. రెండూ 45352. వార్డుల షీట్లు విడిగా ఉన్నంతసేపు బయటపడదు. అన్ని వార్డులూ ఒకే షీట్‌లో పోసి వెతికితే ఒకటో వార్డు ఇంటికి మూడో వార్డు బకాయి వస్తుంది, 0 పెట్టినా సరే. అందుకే ముందు అక్షరాలుగా మార్చండి, తర్వాతే కలపండి.

నన్నడిగితే ఇంటి నంబర్‌ని అసలు వెతుకులాటకి ఆధారంగా వాడొద్దు. డిమాండ్ రిజిస్టర్‌లో అసెస్‌మెంట్ నంబర్ (పన్ను లెక్కకి ఇంటికి ఇచ్చిన నంబర్) ఉంటుంది కదా, దాంతో వెతకండి.

19 · నల్గొండ_నోట్‌బుక్

@లెక్కల_లక్ష్మి అసెస్‌మెంట్ నంబర్ మంచిదే గని అండ్ల కూడా తిప్పలుంది. ఒక ఫైల్‌ల అంకెగా ఉంటది, పోర్టల్ నుంచి వచ్చిన దాంట్ల అక్షరంగా ఉంటది. 217 అంకె, "217" అక్షరం, వీలుకప్‌కి రెండూ వేరే. సెల్ మూలకి ఆకుపచ్చ త్రికోణం కనబడితే అది అక్షరమన్నట్టు. ఖాళీ సెల్‌ల 1 కొట్టి కాపీ చేసి, ఆ కాలమ్ మీద పేస్ట్ స్పెషల్ల మల్టిప్లై పెడితే అన్నీ అంకెలైతయి.

20 · లెక్కల_లక్ష్మి

నిజమే, ముందు సున్నాలు లేని చిన్న నంబర్లకి అది బాగుంటుంది. బ్యాంకు ఖాతా నంబర్ల మీద మాత్రం ఆ గుణకారం చేయకండి. ఎక్సెల్ 15 అంకెలే నిలబెడుతుంది, 16వ అంకె నుంచి సున్నాలు వేస్తుంది. ఇంకోటి తెలియాల్సింది: 16 అంకెల ఖాతాలు అక్షరాలుగా ఉన్నా లెక్కపెట్టే కౌంటిఫ్, కూడే సమిఫ్ వాటిని అంకెలుగా మార్చి చూస్తాయి. మొదటి 15 ఒకటైతే రెండు ఖాతాలూ ఒకటే అంటాయి. డూప్లికేట్లు వెతకాలంటే =సమ్‌ప్రొడక్ట్(--(ఎ$2:ఎ$800=ఎ2)) వాడాలి.

21 · పంచాయతీ_పద్దు

వార్డు 3 రెండు ఫైళ్లలోనూ చేశాను, 12 ఇళ్లూ దొరికాయి. మిగతావి చేస్తున్నాను. ఈలోగా వార్డు 6 #రెఫ్! గురించి ఎవరైనా చెప్పగలరా? షీట్ పేరు వార్డు 6 అనే ఉంది.

22 · ఎఫ్4_మేస్త్రి

ఇండైరెక్ట్ పేరుని అక్షరం అక్షరం చూస్తుంది. ట్యాబ్ మీద డబుల్ క్లిక్ చేసి, పేరు కాపీ చేసి, ఖాళీ సెల్‌లో పేస్ట్ చేసి =లెన్() (అక్షరాల లెక్క) కొట్టండి. 'వార్డు 6'కి 8 రావాలి: వ, దీర్ఘం, ర, పొల్లు, డ, కొమ్ము, ఖాళీ, 6. 9 వస్తే చివర ఒక ఖాళీ ఉంది.

23 · తెలుగు_ట్యాబ్

తెలుగు పేర్లు పెట్టుకునేవాళ్లకి ఇంకో చిక్కు. పొల్లుతో అయిపోయే పేర్లు, ఏప్రిల్ లాంటివి, కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కనపడని ఒక గుర్తు పెడతాయి. ఏప్రిల్ 7 రావాల్సింది లెన్ 8 చూపిస్తుంది. కంటికి తేడా లేదు, ట్రిమ్‌కి (అదనపు ఖాళీలు తీసే ఫార్ములా) కూడా పోదు. =సబ్‌స్టిట్యూట్(ఎ2,యూనిక్యార్(8204),"") తో తీసేయాలి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే ఖాళీ ఇంకోటి, అదీ ట్రిమ్‌కి లొంగదు, దాని నంబర్ 160.

షీట్ పేరులో అంకె తెలుగు ౬ ఉన్నా ఇంగ్లీషు 6తో కలవదు.

24 · పంచాయతీ_పద్దు

9 వచ్చింది! చివర ఖాళీయే. తీశాను, #రెఫ్! పోయింది. కానీ మొత్తం ఇంకా తప్పే.

25 · గోదారి_గణితం

ఎందుకంటే మీరు రాసిన జి95 ఫార్ములాలో కొటేషన్ల మధ్య ఉన్న అక్షరాలు. మామూలు లింక్ అయితే ='వార్డు 4'!జి95 అని ఉంటుంది. వార్డు షీట్‌లో వరుస దూరిస్తే అదే జి96 అయిపోతుంది, షీట్ పేరు మార్చినా అదే మారుతుంది. కొటేషన్లలో ఉన్నది మారదు. వార్డు 4లో రెండు కొత్త ఇళ్లు చేరి మొత్తం జి97కి దిగితే, మీ ఇండైరెక్ట్ ఇంకా 95లో ఉన్న ఇంటి బకాయినే తెస్తోంది. ఎర్రర్ రాదు, సంఖ్య వస్తుంది, తప్పు సంఖ్య.

మొత్తాన్ని అడుగున పెట్టకండి. ప్రతి వార్డు షీట్‌లో పైన ఒక వరుస దూర్చి జి1లో =సమ్(జి3:జి500) పెట్టండి. అప్పుడు ఎన్ని ఇళ్లు చేరినా మొత్తం ఎప్పుడూ జి1లోనే. అడుగున ఉన్న పాత మొత్తం వరుస తీసేయాలి, లేకపోతే రెట్టింపు వస్తుంది. జి1లో =సమ్(జి:జి) అని రాయొద్దు, తన్ను తానే కూడుకుని సర్క్యులర్ అని వార్నింగ్ ఇచ్చి 0 చూపిస్తుంది.

26 · డాలర్_గుర్తు

అప్పుడిక ఇండైరెక్టే ఎందుకు? =సమ్('వార్డు 1:వార్డు 8'!జి1) ఒక్కటి చాలు.

27 · ఎఫ్4_మేస్త్రి

ఊరి మొత్తానికి చాలు, వార్డువారీ చూపించాలంటే చాలదు. పైగా అది ట్యాబ్‌ల వరుసని నమ్ముకుంటుంది. వార్డు 1కీ వార్డు 8కీ మధ్య ఏ షీట్ ఉన్నా కలిపేస్తుంది, హైడ్ చేసిందైనా సరే. 'రసీదులు' షీట్‌ని ఎవరైనా లాగి మధ్యలో పడేస్తే దాని జి1 కూడా చేరుతుంది. వార్డు 5ని లాగి చివర పెడితే అది రాలిపోతుంది. ఇంకా, సమ్, కౌంట్, మ్యాక్స్ లాంటివాటికే ఈ పద్ధతి. సమిఫ్స్‌కి పనిచేయదు.

ఎనిమిదే వార్డులు కాబట్టి ఎనిమిది లింకులు క్లిక్ చేసి పెట్టుకోండి, ='వార్డు 1'!జి1 అలా. పేరు మారినా వరుస మారినా తట్టుకుంటాయి.

28 · లెక్కల_లక్ష్మి

ఇక్కడ మేస్త్రి గారితో ఒప్పుకోను. వార్డు పేరు ఎ కాలమ్‌లో మార్చగానే లెక్క మారడం ఇండైరెక్ట్‌లో ఉన్న సుఖం. జి1 స్థిరమైపోయాక ఆ ప్రమాదం పోయింది. ప్రతి మార్పుకీ మళ్లీ లెక్కేస్తుందని దాన్ని తిడతారు గానీ ఎనిమిది సెల్స్‌కి ఏమీ కాదు.

29 · ఎఫ్4_మేస్త్రి

@లెక్కల_లక్ష్మి ఒకే ఫైల్‌లో అయితే సరే, మీ మాటా ఒప్పే. వేరే ఫైల్‌కి మాత్రం వద్దు. ఆ ఫైల్ మూసి ఉంటే ఇండైరెక్ట్ #రెఫ్! ఇస్తుంది. సమిఫ్స్, కౌంటిఫ్ కూడా మూసిన ఫైల్ మీద #వాల్యూ! ఇస్తాయి. వీలుకప్, ఇండెక్స్-మ్యాచ్, సమ్‌ప్రొడక్ట్ పనిచేస్తాయి.

30 · లిబ్రే_లచ్చి

ఆఫీసులో లిబ్రే ఆఫీస్ వాడేవాళ్లకి: షీట్ పేరు తర్వాత ఆశ్చర్యార్థకం కాదు, చుక్క. $'వార్డు 3'.జి1. ఎక్సెల్ ఫైల్ తెరిస్తే మామూలు లింకులు తనే మార్చుకుంటుంది, కొటేషన్లలో ఉన్న ! మాత్రం మారకపోవచ్చు. ఇండైరెక్ట్ పనిచేయకపోతే టూల్స్, ఆప్షన్స్, క్యాల్క్, ఫార్ములాలో స్ట్రింగ్ రిఫరెన్స్ సింటాక్స్‌ని ఎక్సెల్ ఎ1 చేయండి.

31 · కాలమ్_కనకం

గూగుల్ షీట్స్‌లో పెడితే ఈ గొడవే ఉండదు కదా?

32 · తెలుగు_ట్యాబ్

@కాలమ్_కనకం అక్కడా 3-12 తేదీ అవుతుంది. ఫార్మాట్, నంబర్, ప్లెయిన్ టెక్స్ట్ ముందే పెట్టుకోవాలి. 'వార్డు 1:వార్డు 8' లాంటి కూడిక అక్కడ లేనే లేదు. వేరే ఫైల్ నుంచి తేవాలంటే ఇంపోర్ట్‌రేంజ్, మొదటిసారి అలౌ యాక్సెస్ నొక్కేదాకా #రెఫ్!. అందులో కూడా చిరునామా కొటేషన్లలోనే, కాబట్టి అటువైపు వరుస దూరిస్తే జి95 కథే.

33 · డాలర్_గుర్తు

ఇందాక వరుస దూర్చడం గురించి అన్నారు కదా, నాకు వరుస తీసినప్పుడు #రెఫ్! వస్తోంది. సెల్ కట్ చేసి ఇంకో చోట పేస్ట్ చేసినా అంతే.

34 · గోదారి_గణితం

లింక్ ఉన్న వరుసనే తీసేస్తే అది చూపించడానికి చోటు లేదు, అందుకే #రెఫ్!. వరుస తీయకుండా సెల్స్ ఖాళీ చేయండి చాలు. కట్-పేస్ట్ ఇంకా ప్రమాదం: కట్ చేసిన సెల్‌ని లింక్ వెంబడిస్తుంది. మీరు ఏ సెల్ మీద పేస్ట్ చేశారో దాన్ని నమ్ముకున్న లింకులు #రెఫ్! అవుతాయి. ఎంట్రీ చేసేవాళ్లకి ఒకే మాట చెప్పండి: కాపీ చేసి పేస్ట్ చేయండి, పాతది డిలీట్ చేయండి, కట్ ముట్టుకోవద్దు. మౌస్‌తో సెల్ అంచు పట్టుకుని లాగడం కూడా కట్టే.

మొత్తం షీట్ డిలీట్ చేస్తే కంట్రోల్-జెడ్ పనిచేయదు. సేవ్ చేయకుండా మూసేసి మళ్లీ తెరవడమే.

35 · పంచాయతీ_పద్దు

అన్ని వార్డులూ అయ్యాయి. 76లో 72 పోయాయి, గోదారి గారి లెక్క అచ్చంగా సరిపోయింది. మిగిలిన 4: 4-17/ఎ, 4-17/బి, 5-33/ఎ, 7-8/1.

ఇంకో చిన్న తేడా. లైబ్రరీ సెస్ 8 శాతం, =డి3*0.08. చేత్తో కూడితే వార్డుకి రెండు మూడు రూపాయలు తేడా.

36 · లెక్కల_లక్ష్మి

సెస్: పన్ను 456 అయితే సెస్ 36.48, పైసలు కనపడకుండా ఫార్మాట్ చేశారు కాబట్టి 36 కనిపిస్తుంది. అలాంటివి మూడు కూడితే కంటికి 108, షీట్ 109.44ని 109 అని చూపిస్తుంది. నోటీసులో 36 వసూలు చేస్తారు కాబట్టి లెక్కలో కూడా 36 ఉండాలి. ప్రతి ఇంటి దగ్గరే =రౌండ్(డి3*0.08,0) పెట్టండి. అడుగున మొత్తాన్ని రౌండ్ చేయడం వల్ల లాభం లేదు.

37 · ఎఫ్4_మేస్త్రి

ఆ నాలుగూ బై నంబర్లు. ఒక ఫైల్‌లో 4-17/ఎ, ఇంకో ఫైల్‌లో 4-17 /ఎ అని మధ్యలో ఖాళీ ఉండొచ్చు. ట్రిమ్ ముందూ వెనకా ఖాళీలే తీస్తుంది, మధ్యలో ఒకటి ఉంచేస్తుంది. రెండు ఫైళ్లలో లెన్ పోల్చండి. తేడా ఉంటే =సబ్‌స్టిట్యూట్(ఎ3," ","") తో మార్చి వాల్యూస్ పేస్ట్. 7-8/1 మాత్రం చూడాలి, గీత వాలిందీ అడ్డందీ కలిసింది కాబట్టి అది ఒక ఫైల్‌లో తేదీ అయి ఉండొచ్చు. ఈజ్‌నంబర్ కొట్టండి. ట్రూ వస్తే ఆ ఒక్కదాన్ని రిజిస్టర్ చూసి చేత్తో కొట్టడమే మేలు.

38 · గోదారి_గణితం

అన్నీ కుదిరాక ఒక్క పని. సి కాలమ్‌ని కాపీ చేసి అక్కడే పేస్ట్ స్పెషల్, వాల్యూస్ చేసేయండి. నిరుటి ఫైల్‌తో లింక్ ఉంచొద్దు.

39 · డాలర్_గుర్తు

ఎందుకు? నిరుటి ఫైల్‌లో తప్పు దిద్దితే ఇక్కడ తనే మారుతుంది కదా, లింక్ పెట్టుకునేదే అందుకు.

40 · గోదారి_గణితం

@డాలర్_గుర్తు అదే భయం. నోటీసు 1,240కి ఇచ్చాక ఎవరో నిరుటి ఫైల్ తెరిచి ఒక అంకె మార్చితే, ఇక్కడ డిమాండ్ చెప్పాపెట్టకుండా మారిపోతుంది. ఇంటివాళ్ల చేతిలో కాగితం ఒకటి, మన షీట్ ఇంకోటి. ముగిసిన సంవత్సరం బకాయి ముగిసిందే, దిద్దాలంటే ఈ ఏటి షీట్‌లో కనపడేలా దిద్దాలి. పైగా ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఇంకో కంప్యూటర్‌కి వెళ్తే లింక్ దారి తెగి, తెరిచినప్పుడల్లా అప్‌డేట్ చేయాలా అని అడుగుతుంది. తెలియక అప్‌డేట్ నొక్కితే అదే పేరుతో ఉన్న పాత కాపీ నుంచి లాగినా లాగుతుంది.

వాల్యూస్ చేసే ముందు ఒక సరిచూపు: నిరుటి ఫైల్‌లో వార్డు జి మొత్తం, ఈ ఏటి వార్డు సి మొత్తం ఒకటి కావాలి. తేడా ఉంటే అటు ఉన్న ఇల్లు ఇటు రాలేదన్నమాట. వీలుకప్ ఇటు ఉన్న ఇళ్లనే వెతుకుతుంది, ఇటు రాయడమే మర్చిపోయిన ఇంటి గురించి ఎప్పటికీ చెప్పదు.

లింకులు ఇంకా మిగిలాయేమో చూడాలంటే కంట్రోల్-ఎఫ్, వెతికే చోట [ గుర్తు, విథిన్‌లో వర్క్‌బుక్, లుక్ ఇన్‌లో ఫార్ములాస్. అక్కడ దొరకకపోయినా అప్‌డేట్ అడుగుతుంటే కంట్రోల్-ఎఫ్3తో నేమ్స్ చూడండి.

41 · పంచాయతీ_పద్దు

మూడు బై నంబర్లలో మధ్య ఖాళీయే, పోయాయి. 7-8/1 నిరుటి ఫైల్‌లో ఈజ్‌నంబర్ ట్రూ, రిజిస్టర్ చూసి కొట్టాను. #ఎన్/ఎ సున్నా.

మొత్తాల సరిచూపు చేశాను. ఏడు వార్డులు కలిశాయి. వార్డు 2లో 860 తేడా. నిరుడు 2-64 ఇల్లు ఉంది, ఈ ఏడు షీట్‌లో లేదు. కాపీ చేసినప్పుడు వరుస పోయినట్టుంది. ఇప్పుడు దూర్చితే జి1 దాన్ని కూడా కలుపుకుంటుందా?

42 · గోదారి_గణితం

3కీ 500కీ మధ్య ఎక్కడ దూర్చినా కలుపుకుంటుంది. 2-63 కింద దూర్చండి, సి, ఇ, జి ఫార్ములాలు పై వరుస నుంచి లాగండి. ఇంటి నంబర్ కొట్టే ముందు ఆ సెల్ టెక్స్ట్‌గా ఉందో లేదో చూసుకోండి.